తాడు లాగే ముందు

పర్లాకిమిడి
ఆదివారం రాత్రి

అమ్మలూ,

గడ్డి కోసే మిషను స్టార్టవ్వట్లేదని నిన్న నువ్వు చెబుతుండగా ఫోను మధ్యలోనే కట్ అయిపోయింది. మీ కొండల్లో సిగ్నల్ సంగతి తెలిసిందే కదా, అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని మిషను పక్కన పెట్టుకుని చదువుకుంటూ చెయ్యి, ఆయిల్ మరకలు పడినా ఫర్వాలేదు. నువ్వు చదివింది ఒడియా బడిలోనే అయినా అమ్మ నేర్పిన తెలుగు నీకు బాగానే నిలిచింది. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మనది. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారాయన. నేనూ షాపులో చెప్పినట్టే రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక్కటి. ఆ గడ్డి మిషను కింద చెయ్యి పెట్టే ముందు ప్లగ్ (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించేది) మీది క్యాప్ పీకి పక్కకి తోసెయ్. ఎంత తొందర ఉన్నా సరే. నా ఎడమచేతి వేలి మీద మచ్చని చిన్నప్పుడు తడిమి చూసి, "ఇదేటి నాన్నా" అని అడిగేదానివి. పానా జారిందని చెప్పాను. అది నిజం కాదు. స్టార్టే అవ్వని మిషను కదా అన్న ధైర్యంతో, బ్లేడుకి చుట్టుకున్న గడ్డి తీస్తూ బ్లేడుని చేత్తో తిప్పాను. బ్లేడు తిరిగితే పైన ఇంజనూ తిరుగుతుంది. హ్యాండిల్ దగ్గర, వదిలితే ఇంజను ఆగిపోయే లివరుని ఎవరో బైండింగ్ వైరుతో కట్టేసి ఉంచారు, నేను చూసుకోలేదు. లోపల మిగిలిన పెట్రోలు ఆవిరి ఒక్కసారి అంటుకుంది. ఒకే ఒక్క దెబ్బ, ఎముక దాకా తెగింది. నువ్వు భయపడతావని అప్పట్లో చెప్పలేదు. ఇప్పుడు నీ చేతులు అక్కడ ఉన్నాయి కాబట్టి చెబుతున్నాను. మీ వాచ్‌మన్ కూడా లివరు కట్టేసి ఉంటే వెంటనే విప్పించు.

స్టార్ట్ చేసే తాడు ముప్పై సార్లు లాగాం అన్నావు. లాగేటప్పుడు ఆ లివరు నొక్కి పట్టుకున్నారా? వదిలేస్తే ప్లగ్‌కి కరెంటు రాదు, వందసార్లు లాగినా అంతే. పట్టుకున్నా కూడా, కేబుల్ తుప్పు పట్టి ఇంజను దగ్గరి కొస కదలకపోవచ్చు. ఒకరు లివరు నొక్కుతుంటే ఆ కొస కదులుతోందో లేదో నువ్వు వంగి చూడు.

తర్వాత ప్లగ్ విప్పు. దాని మూతి తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు ఎక్కువై మునిగిందన్నమాట. తుడిచి, గంటసేపు ఆరనిచ్చి, చోక్ (గాలి తగ్గించి పెట్రోలు ఎక్కువ లాగించేది) వెయ్యకుండా లాగు. పొడిగా ఉంటే పెట్రోలు లోపలికి అందట్లేదు. కరెంటు చూడాలంటే ప్లగ్‌కి క్యాప్ తొడిగి, దాని ఇనుప ఒంటిని ఇంజను ఇనుముకి ఆనించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకో. లివరు నొక్కి ఇంకొకరు తాడు లాగాలి. టప్పున నీలంగా మెరిస్తే బాగున్నట్టే. ప్లగ్ రంధ్రానికి దూరంగా పట్టుకో, అందులోంచి పెట్రోలు ఆవిరి ఎగజిమ్ముతుంది. బీడీ ముట్టించే వాళ్లెవరూ దగ్గర ఉండకూడదు.

నా అనుమానమంతా పెట్రోలు మీదే. పోయిన దీపావళికి మూలన పెట్టిన మిషను అన్నావు. టాంకులో అప్పటిదే ఉంది కదా. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలు ఉంటోంది. అది గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. మీ దగ్గర వానలూ మంచూ రెండూ ఎక్కువ. చెమ్మ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ విడిపోయి అడుక్కి దిగుతాయి. ఇంజను లాక్కునేది ఆ అడుగునుంచే. టాంకు ఖాళీ చేస్తూ కొంచెం గాజు సీసాలో పట్టి ఎండలో పెట్టి చూడు. అడుగున వేరే పొర గాని, గుండ్రటి బొట్లు గాని కనిపిస్తే అవే. ఆ పాత పెట్రోలుని నుయ్యి దగ్గరా మొక్కల దగ్గరా పారబొయ్యకు.

ఇప్పుడు చిన్న పరీక్ష. కొత్త పెట్రోలు అర టీస్పూను ప్లగ్ రంధ్రంలో పోసి, ప్లగ్ బిగించి, తాడు లాగు. రెండు మూడు సెకన్లు బుర్రుమని ఆగిపోయిందా? అయితే సంతోషించు. కరెంటు బాగుంది, కంప్రెషన్ (ఇంజను లోపలి ఒత్తిడి) ఉంది, జబ్బంతా పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్‌లోనే.

కార్బురేటర్ కింద చిన్న గిన్నెలా ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేది ఒకే బోల్టు. విప్పితే లోపల ఎండిపోయిన బెల్లం పాకంలా జిగురు కనిపిస్తుంది, వార్నిష్ వాసన వేస్తుంది. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టుకే సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు వెళ్లేది అందులోంచే, అదే జెట్. ఆవగింజ కూడా పట్టనంత సన్నది, దాని వల్లే ఇంత రభస. గుండుసూది పెట్టావంటే గీత పడి రంధ్రం పెద్దదైపోతుంది. వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి, దాంతోనే పొడువు. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే అవతలి ఆకాశం చుక్కలా కనబడాలి. చిన్నప్పుడు షాపులో పీటమీద కూర్చుని కిరోసిన్‌లో నట్లు కడిగేదానివి, గుర్తుందా? ఆ ఓపికే ఇక్కడ కావాలి.

ఎయిర్ ఫిల్టర్ దులుపు. సైలెన్సర్ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టిందేమో చూడు. ఆయిల్ గీత వరకు ఉండాలి. మిషనుని వంచాల్సి వస్తే ఎయిర్ ఫిల్టర్ పైకి ఉండేలా వంచు, లేకపోతే ఆయిల్ అందులోకి దిగిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా తాడు చేతిలోంచి వెనక్కి గుంజుకుంటూ ఉంటే, బ్లేడు ఎప్పుడో రాయికి తగిలిందన్నమాట. ఫ్లైవీల్ (ఇంజనుతో తిరిగే బరువైన చక్రం) కింద చిన్న మెత్తటి లోహపు ముక్క ఉంటుంది, దాన్ని కీ అంటారు, అది తెగితే నిప్పురవ్వ పుట్టే టైమింగ్ తప్పుతుంది. దాని జోలికి నువ్వు వెళ్లకు.

ఫోటోలో పాత ప్లగ్ నంబరు కనిపించింది, అదే రకం కొత్తది పంపుతున్నాను. గ్యాప్ 0.76 మిల్లీమీటరుకి సరిచేశాను, కింద పడెయ్యకు. ప్లగ్ పానా, రెండు రాగి పోగులు, కొత్త పెట్రోలు పైపు కూడా పెట్టాను. అమ్మ చింతకాయ పచ్చడి సీసా విడిగా కట్టింది. కీ గనక తెగి ఉంటే ఒక్క మెసేజ్ పెట్టు. వచ్చే ఆదివారం తెల్లవారే గుణుపురం మీదుగా రాయగడ బస్సు పట్టుకుని నేనే వస్తాను.

నాన్న