యంత్రం బయాప్సీ గదిలోనే ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

కాంతితో క్యాన్సర్‌ను పట్టేసే యంత్రాలు వచ్చేశాయని పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ప్రొస్టేట్ విషయంలో ఆ మాట సగమే నిజం. ఆ గ్రంథి మూత్రాశయం కింద లోతుగా ఉంటుంది. పొట్ట మీద వెలుగు వేసినంత మాత్రాన అక్కడి కణాలు కనిపించవు. ఈ యంత్రాలు చూసేది సూదితో తీసిన ముక్కనే (దాన్ని తీయడమే బయాప్సీ). కాబట్టి ఒడిశాలోని మా రాయగడ, గజపతి, కొరాపుట్ జిల్లాల వాళ్లకు యంత్రం ఎప్పుడు కొంటారన్నదానికంటే, ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం.

వీటిలో ఆస్పత్రి వాడకానికి బాగా దగ్గరపడింది ఫ్లోరెసెన్స్ కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు. 18 గేజీ సూదితో వచ్చే ముక్క సేమియా పోగంత సన్నం, పొడవు ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దాన్ని అక్రిడిన్ ఆరెంజ్ అనే మెరిసే రంగు ద్రావణంలో అర నిమిషం ముంచి, సెలైన్‌తో కడిగి, గాజు పలకల మధ్య పరుస్తారు. 488 నానోమీటర్ల నీలి లేజర్ పడగానే కణకేంద్రకాలు మెరుస్తాయి. 785 నానోమీటర్ల లేజర్ చుట్టూ ఉన్న పీచు కణజాలాన్ని చూపిస్తుంది. రెండూ కలిపి కంప్యూటరు మామూలు స్లైడులాగే గులాబీ, ఊదా రంగుల్లో బొమ్మ వేస్తుంది. అంతా కొన్ని నిమిషాల పని. ముక్క చెడిపోదు కాబట్టి ఆ వెంటనే, కణజాలాన్ని కుళ్లకుండా కాపాడే ఫార్మాలిన్‌లో వేసి మామూలు పరీక్షకు పంపుకోవచ్చు.

దీని లాభమంతా రోగి ఇంకా బల్ల మీద ఉండగానే. ముక్కలో గ్రంథి కణజాలమే లేదు, ఒట్టి కండర పోగో కొవ్వో వచ్చిందని తేలితే అప్పుడే మరో ముక్క తీయవచ్చు. అదే యంత్రాన్ని దూరాన ఏ పెద్ద ల్యాబ్‌లోనో పెట్టి, ముక్కల్ని సీసాలో వేసి రైల్లో విశాఖకో బస్సులో బరంపురానికో పంపితే ఏం ఒరుగుతుంది? బొమ్మ చూసేసరికి రోగి ఇంటికి చేరి ఉంటాడు.

దాని లోపాలూ చెప్పుకోవాలి. లేజర్ లోపలికి వెళ్లేది ఒక మిల్లీమీటరులో అయిదో వంతు దాకానే. ముక్క చదునుగా పరుచుకోకపోతే కొంత భాగం కంటపడదు. నెత్తురు అంటి ఉంటే కాంతిని మింగేస్తుంది. గాజుగుడ్డ మీద ఆరిపోయిన ముక్క, కరెంటు తీగతో కోసినప్పుడు అంచు మాడిన ముక్క దేనికీ పనికిరావు. క్యాన్సర్ కణజాలంలో ట్రిప్టోఫాన్ (ప్రొటీన్లలోని ఒక భాగం) సహజ మెరుపు పెరిగి, కొలాజెన్ (పీచు ప్రొటీన్) మెరుపు తగ్గుతుందన్న ఆధారంతో రంగే వేయకుండా పసిగట్టే పద్ధతులూ ఉన్నాయి కానీ, అవి ఇంకా పరిశోధన దశ దాటలేదు. క్యాన్సర్ ఎంత తీవ్రమో చెప్పే గ్లీసన్ స్కోరు తేల్చాల్సింది ఇప్పటికీ స్లైడు చూసిన పాథాలజిస్టే (కణజాల పరీక్ష డాక్టరే). అనుమానం మిగిలితే, మామూలు గ్రంథి అంచున ఉండి క్యాన్సర్‌లో కనబడని బేసల్ కణాలు ఉన్నాయో లేదో పీ63 అనే రంగు పరీక్ష చేయాలి, దానికి పారఫిన్ బ్లాకు (మైనంలో బిగించిన ముక్క) కావాలి.

సూదితో ముక్క తీసే పెద్దాస్పత్రిలో ఆ యంత్రం పెట్టండి. జిల్లా ఆస్పత్రులకు, స్లైడును బొమ్మగా మార్చి దూరాన ఉన్న పాథాలజిస్టుకు నెట్‌లో పంపే స్లైడు స్కానర్ చాలు. పిక్సెల్‌కు 0.25 మైక్రాన్ల చొప్పున స్కాన్ చేస్తే ఒక్కో ఫైలు వందల మెగాబైట్ల నుంచి గిగాబైటు పైకి పోవచ్చు. ఒక రోగికి తీసే పన్నెండు ముక్కలకు పన్నెండు స్లైడులంటే మన దగ్గర పగటిపూట నెట్ మోయలేదు. రాత్రి పంపుకోవాలి, లేదా 0.5 మైక్రాన్లకు తగ్గించుకోవాలి.

వీటన్నిటికీ ముందు సీసా సంగతి చూడండి. పన్నెండు ముక్కలూ ఒకే సీసాలో వేస్తే మెలికపడి విరుగుతాయి, కుడివేవో ఎడమవేవో తెలియదు. రాత్రంతా సెలైన్‌లో ఉంచితే కణాలు కుళ్లుతాయి. బఫర్ కలిపిన 10 శాతం ఫార్మాలిన్ ముక్కకు కనీసం పది రెట్లు పోసి, ఆరు గంటలకు తక్కువ కాకుండా, 72 గంటలు దాటకుండా ఉంచాలి. సీసా మీద ఒడియాలో, కాగితం మీద ఇంగ్లీషులో, విశాఖలో తెలుగులో ఒకే మనిషి పేరు మూడు రకాలుగా నమోదవుతోంది. పేరుతోపాటు రిజిస్ట్రేషన్ నంబరు తప్పక రాయాలని ఆరోగ్య శాఖ ఆదేశించాలి. విశాఖ వెళ్లే రోగులకు రిపోర్టుతోపాటు స్లైడులు, బ్లాకులు కూడా ఇచ్చి పంపాలి. బ్లాకు లేకపోతే అక్కడ మళ్లీ సూది పొడవాల్సి వస్తుంది.

కొందరు పాథాలజీ ల్యాబ్ టెక్నీషియన్లు,
రాయగడ (ఒడిశా)