శాలిహుండం తోటలో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకి

మొన్న ఆదివారం మా వీధి కార్తీక వనభోజనాలకి సాయం చేసిన అందరికీ, మా పిల్లల తరఫున చేతులెత్తి నమస్కారం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చేసిన సాయం మాత్రం చెప్పకుండా ఉండలేను.

శ్రీకాకుళంలో కార్తీకం వచ్చిందంటే ప్రతి ఆదివారం ఏదో ఒక కుల సంఘం వనభోజనాలే. ఏడాదంతా ఒకే ఆటోలో బడికెళ్లే పిల్లలు ఆ నెలలో తలో తోటకీ వెళ్తారు. నాకు ఇది ఎప్పుడూ బాధే. అందుకే ఈసారి వీధంతా ఒకే బంతిలో కూర్చుందాం, క్యాటరింగ్ వద్దు, వడ్డన పిల్లలదే అనుకున్నాం.

పొద్దున్నే మా రిటైర్డ్ హెడ్మాస్టారు పిల్లల్ని శాలిహుండం కొండ మీదకి తీసుకెళ్లారు. ఈ బౌద్ధ స్తూపాల్ని 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తించారని చెప్పి, కింద వంశధార వైపు చూపించారు. "ఇక్కడుండే భిక్షువులు ఊళ్లోవాళ్లు పెట్టిందే తినేవారర్రా. ఊరు పెట్టకపోతే ఈ కొండ మీద ఎవరుంటారు?" అన్నారు.

కిందకి దిగేసరికి వాన అందుకుంది. అన్నం ఇంకా సగమే ఉడికింది, అందరికీ ఒకటే టెన్షన్. తోట ఇచ్చిన రైతుగారు ఎవరూ అడగకముందే పశువుల్ని చూరు కిందకి మార్చి, సాల ఖాళీ చేసి ఊడ్పించారు. వాళ్లావిడ ఇంట్లో కట్టెల పొయ్యి మాకు వదిలేశారు. పక్కిళ్ల ఆడవాళ్లు తడుస్తూనే గుండిగలు మోసుకొచ్చారు. "చాలకపోతే ఏటమ్మా, మా ఇంట్లో వండింది ఉంది కదా" అన్నారు ఒకావిడ. అన్నట్టుగానే తపేలాతో అన్నం తెచ్చారు.

సాలలో రెండు వరసల్లో అడ్డాకు విస్తళ్లు వేశాం. మొదటి బంతిలో ఆ ఊరివాళ్లే కూర్చోవాలని పిల్లలే పట్టుబట్టారు. రెండో తరగతి చదివే పాప ఉప్పు గిన్నె పట్టుకుని ప్రతి విస్తరి అంచునా చిటికెడు పెట్టుకుంటూ వెళ్లింది. ఒక తాతగారి దగ్గర ఆగి, విస్తరంతా పరకాయించి చూసి, "ఇక్కడ కంద బచ్చలి రాలేదు!" అని కేకేసింది. కూర బేసిన్ పట్టుకున్న అబ్బాయి పరుగున వచ్చాడు. ఇంట్లో తిన్న కంచం కూడా తీయని పిల్లాడు వాడు! పక్కవాడి విస్తరి చూడమని నేను ఎన్నిసార్లు చెబితే మాత్రం వస్తుంది? గరిటె చేతికిస్తే వచ్చింది.

మా పిల్లలు ఆఖరి బంతిలో కూర్చున్నారు. ఆకలికి ఒకరిద్దరు ముఖాలు వేలాడేశారు కూడా. వాళ్లకి కొసరి కొసరి వడ్డించింది ఆ ఊరి పిల్లలే.

వెయిటింగ్ డబ్బులు వద్దన్న ఆటో అన్నలకి, పొగలో కళ్లు మండుతున్నా పులిహోర రుచి తగ్గనివ్వని వంట మాస్టారికి, జాడీడు ఉసిరికాయ పచ్చడి పంపిన మూలింటి పిన్నిగారికి మా వీధి మొత్తం రుణపడి ఉంటుంది.

రైతుగారూ, మీ పెద్ద గుండిగ, రెండు గరిటెలు మా ఇంట్లో ఉండిపోయాయి. వచ్చే ఆదివారం తెచ్చి ఇస్తాం. పిల్లలు కూడా వస్తామంటున్నారు.