బాపుకు, బ్యాటరీ మిషన్ సంగతి

డుబ్బో, న్యూ సౌత్ వేల్స్, ఆస్ట్రేలియా

బాపుకు, అవ్వకు దండాలు.

నేను మంచిగున్న. పని ఎప్పటి లెక్కనే, రెండేసి గంటల చొప్పున దినానికి నాలుగు విడతలు. నా నడుము గురించి అవ్వను రంది పెట్టుకోవద్దను. నేను ఉన్ని ఎత్తి బల్ల మీద పరిచేటోన్ని, వంగి కోసేటోన్ని కాదు.

గొర్ల బొచ్చు తీయనీకి కొందామని తమ్ముడు పంపిన బ్యాటరీ మిషన్ ఫొటో చూసిన. పైసలు ఇంకా కట్టకపోతే ఆగమను. అది కుక్కల బొచ్చు తీసేది, దాని దువ్వెన పండ్లు సన్నగ ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నయి. మన గొర్ల బొచ్చుల జానెడు పోకముందే ఇరుక్కుంటది. గొర్ల మిషన్‌కు కింద దువ్వెన, మీద కట్టర్, రెండూ వేరువేరు ముక్కలు. దువ్వెన కదలదు, నాలుగు మొనల కట్టర్ దాని మీద అటూ ఇటూ ఊగుతది. మూడంగుళాల వెడల్పుది, 13 పండ్లది అడగాలె. 9 పండ్లది చిక్కుబొచ్చుల సులువుగ దిగుతది గని, పెద్ద సందులల్లకు తోలు జొర్రి తెగుతది. చెయ్యి తిరిగేదాక 13 పండ్లదే మేలు. ఆ కంపెనీ దువ్వెన తప్ప ఇంకోటి పట్టని మిషన్ అగ్గువకొచ్చినా వద్దు, అది అరిగిన్నాడు మిషనే మూలకు పడుతది.

బ్యాటరీ లెక్క తమ్మునికి చెప్పు. మీద రాసిన రెండు అంకెలను గుణించాలె. 18 వోల్టులు, 5 ఆంపియర్ అవర్లు అంటే 90 వాట్ అవర్లు. మోటారు 90 వాట్లు గుంజితే గంట నడువాలె. కట్టర్ మొద్దుబారినా, దాన్ని దువ్వెనకు అదిమే బిగింపు ఎక్కువైనా ఇంకా గుంజుతది, గంట కాకముందే ఆగుతది. డబ్బా మీద రాసే నాలుగు గంటలు, అయిదు గంటలు బొచ్చు కొయ్యకుండ ఒట్టిగ తిప్పితే వచ్చే లెక్కలు. బ్యాటరీ ఊడొచ్చేదై ఉండాలె, రెండు ఉండాలె. మిషన్ లోపలనే బిగించి ఉంటే అది చార్జి అయ్యేదాక గొర్రెను పట్టుకొని కూసుండుడే. ఇంకో రకం ఉంది, బ్యాటరీ నడుముకు కట్టుకుంటరు, మిషన్‌కు వైరు వస్తది. మణికట్టు మీద బరువు తగ్గుతది గని, గొర్రె తన్నినప్పుడు వైరు కాళ్లల్ల పడుతది. నీ మణికట్టు నొప్పికి నాకు ఇదే మంచిదనిపిస్తుంది, ఏమంటవు?

కత్తెర పారేస్తరా అని అడిగినవట. ఎవరు పారేస్తరు బాపూ. 1892ల క్వీన్స్‌లాండ్‌ల జాకీ హౌ అనేటాయన చేతికత్తెరతోనే ఒక్క దినం 321 గొర్లకు తీసిండు, ఏడు గంటల నలబై నిమిషాలల్ల. అప్పటికే ఇక్కడ మిషన్లు వచ్చినయి. మంద చివర మిగిలే నాలుగింటికి, కాళ్ల సందులకు, మొఖం కాడికి నీ కత్తెరే.

గొంగడి ఉన్ని సంగతి మాత్రం పట్టింపుగ చూడుండ్రి. మిషన్‌తోని కోసిన జాగల మళ్ల కోస్తే తుంపులు పడుతయి, అవి వడికితే దారం నిలువది. అందుకే ఒకే బారుకు, దువ్వెన తోలుకు ఆనించి, ముందుకు తోసుకుంట పోవాలె. ఎడమ చెయ్యి తోలును గుంజి పట్టాలె, ముడత పడితే తెగుడే. పొట్ట మీది బొచ్చు ముందుగాల తీసి వేరే పెట్టాలె. ఆడగొర్రె చన్నులు ఎడమచేతితోని మూసి కొయ్యాలె. ముందటి రాత్రి నుంచే మేపొద్దు, కడుపు నిండి ఉంటే పడగొట్టినప్పుడు ఊపిరాడది. ఈననీకొచ్చిన వాటి జోలికి పోవద్దు.

మన కాడ మిషన్‌ను చంపేది ఇసుక, దుమ్ము. చెరువుల కడుగుడు మానొద్దు, కడిగినంక పూర్తిగ ఎండాలె. తడి బొచ్చుకు మోటారు ఆగుతది. కట్టర్ పెట్టేటప్పుడు దాని మొనలు దువ్వెన పండ్ల వంపు మొదలయ్యే కాడికి ఒకటి రెండు మిల్లీమీటర్లు వెనకకుండాలె. ముందుకొస్తే తోలు తెగుతది. బిగించే మరను ముందుగాల వదులుగ పెట్టి నడిపించి, బొచ్చును నములుతుంటే జర జర బిగించాలె. ఒక్కసారే బిగిస్తే దువ్వెన కాలుతది, గొర్రె తన్నుడు మొదలువెడుతది. మధ్య మధ్యల దువ్వెనను చేతి వెనక్కు ఆనించి చూడు, ఓపలేకుంటే ఆపి నూనె పొయ్యి. నాలుగైదు గొర్లకోసారి చుక్క నూనె. మోటారు గాలి తీసుకునే బొక్కలకు బొచ్చు పట్టుకుంటది, కుంచెతో దులుపాలె.

బ్యాటరీ వేడిగ ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టకుండ్రి, నీడల చల్లారనియ్యి. చీముగడ్డలున్న గొర్లను ఆఖరున పట్టుండ్రి, గడ్డ తెగితే చీము దువ్వెనకంటి మిగతా మందకు అంటుతది. తర్వాత దువ్వెన, కట్టర్ మరిగే నీళ్లల్ల వెయ్యాలె, తుడిచి నూనె రాయాలె. కోసిన నాడు మబ్బుంటే కొట్టం ఖాళీ చేసి పెట్టు. బొచ్చు పోయిన గొర్రె చలివానకు ఆగది, ఇక్కడ వాతావరణ శాఖోళ్లు గొర్లోళ్లకే వేరే హెచ్చరిక ఇస్తరు.

అవ్వ మందులు ఆపిందని తమ్ముడు అన్నడు. ఎందుకు ఆపింది? ఈ ఉత్తరం చదివిన దినమే మొదలువెట్టమను.

మిషన్ ఇక్కన్నుంచే తెస్త, కరెంటు రెండు దిక్కుల 230 వోల్టులే, ప్లగ్గొక్కటే మారుతది. విడి బ్యాటరీలు విమానంల చేతిసంచిలనే పెట్టుకోవాలె, 100 వాట్ అవర్లు దాటితే విమాన కంపెనీని ముందే అడగాలె. మనది 90, ఫికరు లేదు. దువ్వెన, కట్టర్లు మాత్రం కింద వేసే పెట్టెల పోతయి. పదును పెట్టనీకి సానరాయి పనికిరాదు, చదునుగ తిరిగే పళ్లెం మిషనే కావాలె. అది మన ఊర్ల లేదు కాబట్టి ఒక్కో దువ్వెనకు నాలుగు కట్టర్లు తెద్దామనుకుంటున్న. మందల ఇప్పుడు ఎన్ని ఉన్నయో, పిల్లలను వేరేగ లెక్కవెట్టి, తమ్మునితో రాయించు.

నీ పెద్దకొడుకు