కొట్లో ఒక కుర్చీ, ఒక పూట భోజనం

సంపాదకుల వారికి నమస్కారం.

మళ్లీ పెళ్లిళ్ల రోజులు దగ్గరపడుతున్నాయి గనుక ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండేళ్ల క్రితం మా చిన్నబ్బాయి పెళ్లికి బట్టలు తీయడానికి ఇంటిల్లిపాదీ తెనాలి నుంచి విజయవాడ వెళ్లాం. మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్లు, షుగర్ ఉంది. మనవడి పెళ్లి చీరలు తన చేత్తో తీయాలని ఆవిడ పట్టుబట్టి వచ్చారు. పట్టుచీరలు మూడో అంతస్తులో. కౌంటర్ల ముందున్న స్టూళ్లు బేరం మీదున్న వాళ్లకే చాలడం లేదు. పన్నెండున్నర దాటేసరికి ఆవిడకి కళ్లు తిరిగాయి. కొట్టువాళ్లు కూల్‌డ్రింకు ఇచ్చారు, ఇవ్వలేదని అనను. షుగర్ మనిషికి అది ఇవ్వడానికి మాకు భయమేసింది. అన్నం కావాలంటే కిందికి దిగి, ఆ ట్రాఫిక్‌లో రోడ్డు దాటి హోటల్‌కి వెళ్లాలి.

మాకు చీరలు చూపిస్తున్న అమ్మాయి గబగబా వెళ్లి, చీరలొచ్చిన అట్టపెట్టె ఒకటి తెచ్చి బోర్లించి, దాని మీద పాత దుప్పటి మడతపెట్టి "కూర్చోండి మామ్మగారూ" అంది. తన బ్యాగులోంచి రెండు ఇడ్లీలు తీసి ఇచ్చింది. "నువ్వూ కూర్చో తల్లీ" అన్నారు అత్తగారు. "పొద్దున పదింటి నుంచి నిలబడే ఉన్నామండీ, కూర్చుంటే కెమెరాలో చూసి పిలుస్తారు" అని ఆ పిల్ల చాలా మామూలుగా చెప్పింది. చెప్పులు విప్పి ఒక కాలి మీద ఇంకో కాలు మోపి నిలబడి ఉంది. పాదాలు వాచి, వేళ్ల మధ్య చెప్పు పట్టీ ఒరుసుకున్న చోట ఎర్రగా కమిలింది.

నిరుడు మా అమ్మాయిని చూడ్డానికి చికాగో వెళ్లినప్పుడు ఆ పిల్ల నాకు బాగా గుర్తొచ్చింది. స్టేట్ స్ట్రీట్‌లో మేసీస్ అని పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది. 2006 దాకా దాని పేరు మార్షల్ ఫీల్డ్స్, ఊళ్లో పాతవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారట. ఏడో అంతస్తులో వాల్‌నట్ రూమ్ అని భోజనశాల. 1907 నుంచీ నడుస్తోంది. నల్లని వాల్‌నట్ చెక్క తాపడం చేసిన గోడలు, మధ్యలో ఫౌంటెన్. క్రిస్మస్‌కి నలభై అయిదు అడుగుల చెట్టు అక్కడే నిలబెడతారు. మా పక్క బల్ల దగ్గర ఒక ముసలావిడ, ఆవిడ కూతురు, మనవరాలు ముగ్గురూ తీరిగ్గా తింటున్నారు. ఎవరూ తొందర పెట్టలేదు. మా అమ్మాయి నాకు చికెన్ పాట్ పై చెప్పింది. గిన్నె మీద పొరలుగా కాల్చిన మైదా మూత. చెంచాతో పొడవగానే ఆవిరి లేచింది. లోపల కోడిమాంసం, క్యారెట్, బఠాణీ, చిక్కటి తెల్లని పులుసు. మన నోటికి కారం చాలదు గానీ కడుపులో చల్లగా ఉంది.

ఆ వంటకం వెనక ఒక కథ చెబుతారు. ఆ రోజుల్లో అక్కడ కూడా మగతోడు లేని ఆడవాళ్లని చాలా హోటళ్లు రానిచ్చేవి కావు. ఆకలేస్తే బేరం సగంలో వదిలి ఇంటికి పోవాల్సిందే. ఆడవాళ్ల టోపీల విభాగంలో పనిచేసే మిసెస్ హెరింగ్ అనే ఉద్యోగిని, అలసిపోయిన కొనుగోలుదారుకి తన క్యారేజీలోని చికెన్ పై పంచి పెట్టిందట. తర్వాత లండన్‌లో సెల్‌ఫ్రిడ్జెస్ పెట్టిన హ్యారీ సెల్‌ఫ్రిడ్జ్ అప్పుడు ఆ కొట్లోనే మేనేజరు. భోజనాల గది పెట్టమని ఆయన యజమానిని ఒప్పించాడు. వాల్‌నట్ రూమ్ రాకముందే, 1890లో మూడో అంతస్తులో పదిహేను బల్లలతో అది మొదలైంది. మా అమ్మాయి ఇది చెబుతుంటే నా గొంతు పట్టేసింది. అట్టపెట్టె బోర్లించిన మా పిల్ల చేసింది సరిగ్గా ఇదే కదా! దాన్ని చూసి నేర్చుకునే మేనేజరు ఇక్కడ లేకపోయాడు.

అమెరికా వాళ్లదంతా గొప్ప అని నేను అనడం లేదు. అట్లాంటాలో రిచెస్ అనే కొట్లో మాగ్నోలియా రూమ్ అని భోజనశాల ఉండేది. ఆ కొట్లో నల్లజాతి వాళ్లు బట్టలు కొనవచ్చు, ఆ గదిలో కూర్చుని తినడానికి మాత్రం వీల్లేదు. 1960 అక్టోబరులో విద్యార్థులతో పాటు వెళ్లి కూర్చున్నందుకు మార్టిన్ లూథర్ కింగ్‌ని అరెస్టు చేశారు. మరుసటి ఏడాదికి గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. కొట్లో ఎవరు కూర్చోవాలి, ఎవరు నిలబడాలి అన్నది అక్కడ జైలుకి వెళ్లి తేల్చుకున్న సంగతి.

మన పక్కనే కేరళలో బట్టల కొట్ల ఆడపిల్లలు ఏళ్ల తరబడి పోరాడితే 2018లో చట్టం సవరించి, పనిచేసే వాళ్లకి కూర్చునే హక్కు ఇచ్చారు. 2021లో తమిళనాడు కూడా అదే చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ప్రతి పెద్ద కొట్లో కౌంటరు వెనక కుర్చీ కనపడాలి. కార్మిక శాఖ వాళ్లు వెళ్లి కళ్లారా చూసి రావాలి. అంతస్తు మీద అంతస్తు వేసే వాళ్లు ఒక మూల పది బల్లలు వేసి పప్పు, కూర, పెరుగన్నం పెడితే నష్టపోరు. కడుపు నిండిన మనిషి ఇంకో గంట కొంటుంది గానీ ఇంటికి పోదు. సెల్‌ఫ్రిడ్జ్‌కి ఆనాడే తెలిసిన లెక్క ఇది. ఆ బల్లల దగ్గర అమ్మేవాళ్లకీ వేళకి చోటుండాలి. మెట్ల కింద దాక్కుని తినే ఖర్మ వాళ్లకెందుకు?

వచ్చే మాఘంలో మా మరిది కూతురి పెళ్లి. చీరలు తీయడానికి మళ్లీ విజయవాడే వెళ్లాలి. మా అత్తగారు ఈసారి రానన్నారు. ఆ ఇడ్లీల పిల్ల ఇంకా అక్కడే ఉంటే ఇమ్మని ఒక జాకెట్టు గుడ్డ మాత్రం తీసి ఉంచారు.

– ఒక పాఠకురాలు, తెనాలి