ప్రమాదం చెప్పకుండా అడ్వాన్స్ తీసుకోవడంపై ఫిర్యాదు

హన్మకొండ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: బ్రెజిలియన్ బట్ లిఫ్ట్ అడ్వాన్స్ 25,000 రూపాయలు వాపసు ఇవ్వడం, కరపత్రం వెనక్కి తీసుకోవడం గురించి

అయ్యా,

పిరుదులు పెద్దవిగా కనిపించేలా చేసే ఈ ఆపరేషన్ కోసం మా చెల్లె మీ క్లినిక్ హన్మకొండ బ్రాంచిలో అడ్వాన్స్ కట్టింది. అందంగా కనిపించాలనుకోవడం తప్పు కాదు, తన ఒళ్లు తన ఇష్టం. నా ఫిర్యాదు మీ వాళ్లు చెప్పిన మాటల మీద.

"పొట్ట దగ్గర కొవ్వు తీసి వెనక ఎక్కిస్తాం, మీ సొంత కొవ్వే కాబట్టి రిస్కే లేదు" అని మీ కౌన్సెలర్ చెప్పింది. కరపత్రంలోనూ అదే రాశారు. సర్జన్ ఎవరో చూపించకుండానే డబ్బు కట్టించుకున్నారు.

ఇందులో ప్రాణం తీసేది ఆ సొంత కొవ్వే. పిరుదుల కండరం లోపల, దాని కింద పెద్ద సిరలుంటాయి. కొవ్వు ఎక్కించే గొట్టం లోతుకు పోయి సిర దెబ్బతింటే, కొవ్వు గుండెకు, ఊపిరితిత్తులకు చేరి మనిషి టేబుల్ మీదే చనిపోవచ్చు. 2017లో అమెరికా ప్లాస్టిక్ సర్జన్ల టాస్క్‌ఫోర్స్ సర్వేలో దాదాపు 3,000 మందికి ఒకరు చనిపోతున్నట్టు అంచనా వేశారు. 2018లో బ్రిటన్ కాస్మెటిక్ సర్జన్ల సంఘం ఈ ఆపరేషన్ చేయొద్దని తన సభ్యులకు చెప్పింది. 2022లో మళ్లీ ఒప్పుకున్నా, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ కండరం జోలికి పోకుండా చర్మం కింది పొరలోనే కొవ్వు ఎక్కించాలని షరతు పెట్టింది. మీ దగ్గర అల్ట్రాసౌండ్ వాడతారా అని నేను అడిగితే "అవన్నీ డాక్టర్ గారు చూసుకుంటారు" అన్నారు. ఊపిరి అందకపోతే మీ దగ్గర ఐసీయూ ఉందా, లేక అప్పటికప్పుడు ఎంజీఎం ఆసుపత్రికి తీసుకుపొమ్మంటారా? దానికీ జవాబు లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది ఇంకోటుంది. ఆపరేషన్ భయమైతే తక్కువ ఖర్చులో సిలికాన్ ఇంజెక్షన్ చేస్తామన్నారు! ఒంటి ఆకారం మార్చడానికి సిలికాన్ ద్రవం ఎక్కించుకోవద్దని, ప్రాణాలు పోవచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. ఆడపిల్లలకు ఇలాంటిది ఆఫర్‌లా ఎలా చెప్పగలిగారు?

సర్జరీ తర్వాత కొన్ని వారాలు పిరుదుల మీద బరువు వేసి కూర్చోకూడదని కూడా చెప్పలేదు. మా చెల్లె రోజూ బస్సులో జనగామకు పోయి వచ్చి ఉద్యోగం చేస్తుంది. ఎక్కించిన కొవ్వులో కొంత కరిగిపోతుందన్న సంగతీ దాచారు.

ఇవన్నీ తెలిశాక తను వద్దనుకుంది. వాపసు అడిగితే "ఆ డబ్బు లేజర్ ట్రీట్‌మెంట్‌కు వాడుకోండి" అంటున్నారు. మాకు లేజర్ వద్దు. 15 రోజుల్లో మొత్తం డబ్బు తిరిగి ఇవ్వండి. రిస్క్ లేదన్న కరపత్రాలు తీసేయండి, సిలికాన్ ఇంజెక్షన్లు ఆపండి. ఇకపై ఎవరి దగ్గరైనా డబ్బు తీసుకునే ముందే సర్జన్ స్వయంగా కూర్చోబెట్టి ప్రమాదాలు చెప్పాలి. లేదంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు ఆ చట్టంలో 10 లక్షల దాకా జరిమానా ఉంది. రసీదు, కరపత్రం కాపీలు జత చేశాను.

ఇట్లు,
అడ్వాన్స్ కట్టిన అమ్మాయి అక్క