సుబోటికా కాదు, సుబోతిత్సా

సంపాదకుడు గారికి, నమస్కారం.

మీ ఆదివారం సంచికలో సెర్బియా మీద వచ్చిన వ్యాసం చదివాను. ఉద్యోగరీత్యా నాలుగేళ్లుగా నోవి సాద్‌లో ఉంటున్నాను. ఈ దేశం గురించి తెలుగులో ఏ ముక్క కనిపించినా వదలను. వ్యాసం బాగుంది. కానీ పక్కన వేసిన మ్యాపు చూసి మనసు చివుక్కుమంది. సుబోటికా, జగోడినా, క్రాగుజెవాక్ అని ఉంది. ఆ పేర్లతో పిలిస్తే ఇక్కడ పలికే ఊళ్లు లేవు.

వచ్చిన కొత్తలో నేనూ అలాగే బస్టాండులో సుబోటికాకి టికెట్ అడిగాను. కౌంటర్లో ఆవిడకి అర్థం కాలేదు. వెనక క్యూ పెరుగుతుంటే నాకు టెన్షన్. ఫోన్లో పేరు చూపిస్తే ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివి, నాకోసం నిదానంగా పలికింది: సు-బో-తి-త్సా. వాళ్ల భాషలో సుబోత అంటే శనివారం. ఏలూరు పక్కనున్న మన శనివారపుపేట గుర్తొచ్చింది.

సెర్బియన్ పేర్లను ఇంగ్లిష్ ద్వారా చదవడం వల్లే ఈ చిక్కు. అక్కడ అక్షరానికి ఒకే ధ్వని. వాళ్ల త, ద అచ్చం మన త, ద లే. ట, డ లు లేవు. రోమన్ లిపిలో ‘జె’ కనిపిస్తే య అని పలకాలి. ‘సి’ ఉన్నచోట మనం ‘చాలు’ అన్నప్పుడు నోట్లోంచి వచ్చే చ పలుకుతుంది. ఇంగ్లిష్ పత్రికలకు కుదరనిది మనకు తేలిగ్గా కుదురుతుంది.

పేరే కదా అనుకోకండి. జ్రెన్యానిన్ అనే ఊరు ఒకప్పుడు బెచ్‌కెరెక్. తర్వాత రాజు పీటర్ పేరు మీద పెత్రోవ్‌గ్రాద్ అయింది. 1946 నుంచి దానికి రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన పార్టిజాన్ (జర్మన్ సైన్యానికి ఎదురు తిరిగిన గెరిల్లా) నాయకుడి పేరు. రాజ్యం మారినప్పుడల్లా ఊరి బోర్డు మారింది. క్రాగుయెవత్స్‌లో 1941 అక్టోబరులో జర్మన్ సైన్యం బడిపిల్లల్ని కూడా కాల్చి చంపింది. ఆ ఊరి పేరైనా మనం సరిగ్గా రాయాలి.

ఊళ్ల సంగతులు ఇక్కడ ఎంత శ్రద్ధగా రాసుకున్నారో చూడండి. ఇక్కడి 500 దినార్ల నోటు మీద ఉన్నది యోవాన్ త్స్వీయిచ్ అనే భూగోళ శాస్త్రవేత్త. పల్లెల్ని ఎలా పరిశీలించాలో 1896లోనే ప్రశ్నలు తయారుచేశాడు. ఆ ప్రశ్నలు పట్టుకుని జనం ఊరూరూ తిరిగారు. మీ వంశం ఎక్కడి నుంచి వచ్చింది, మీ స్లావా ఏది అని ఇంటింటా అడిగి రాసుకున్నారు. స్లావా అంటే తండ్రి నుంచి కొడుక్కి వచ్చే, మన ఇలవేల్పు లాంటి సెయింటు పండుగ. అలా పోగైన గ్రామ చరిత్రలు 1902 నుంచి సంపుటాలుగా వచ్చాయి.

ఇప్పుడు అడగడానికి మనుషులే తగ్గిపోతున్నారు. 2011లో దాదాపు 71.9 లక్షలున్న జనాభా 2022 లెక్కల్లో 66.5 లక్షలకు దిగింది. కొండ పల్లెల్లో తాళాలు వేసిన ఇళ్లు వరసగా కనిపిస్తాయి. పిరోత్ దగ్గర జవోయ్ అనే ఊరుండేది. 1963లో కొండచరియ విరిగి నదికి అడ్డం పడింది, వెనక నిలిచిన నీళ్లలో ఊరు మునిగింది. ఆ చెరువును ఈ రోజుకీ ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు.

దయచేసి మ్యాపు సరిదిద్ది మళ్లీ వేయండి. బెల్‌గ్రేడ్‌ను అలాగే ఉంచవచ్చు, అది మన నోట ఎప్పుడో స్థిరపడిపోయింది. మిగతావి మాత్రం సుబోతిత్సా, యాగొదినా, క్రాగుయెవత్స్ అని రాయండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
నోవి సాద్, సెర్బియా