బల్బుల్లో కాదు, మీ ఎర్త్ వైరులో ఉంది లోపం: ట్రైలర్ వైరింగ్ కిట్ మీద ఫిర్యాదు

వడపళని, చెన్నై

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
ట్రైలర్ వైరింగ్ కిట్ల విభాగం, విజయవాడ

విషయం: 12 వోల్టుల, ఏడు పిన్నుల ట్రైలర్ కిట్‌లో సన్నటి ఎర్త్ వైరు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్ళే వైరు), బిగింపు కాగితంలో తప్పు బొమ్మ

అయ్యా,

షూటింగులకీ పెళ్ళిళ్ళకీ తిరిగే జనరేటర్ ట్రైలర్ల కోసం మీ దగ్గర కొన్న మూడు కిట్లను మా వర్క్‌షాపులో మూడు పికప్ బండ్లకు బిగించాం. మూడింటికీ ఒకటే రోగం. హెడ్‌లైట్ వేసి బ్రేక్ తొక్కితే ట్రైలర్ టెయిల్ లైట్లు నీరసపడతాయి. దానికి ఇండికేటర్ తోడైతే వెనకున్న దీపాలన్నీ కలిసి మినుకుమినుకుమంటాయి. వెనక వచ్చే లారీవాడికి అది బ్రేకో, మలుపో అర్థం కాదు. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ "బల్బులు మార్చి చూడండి" అన్నారు మీవాళ్ళు. మార్చాం, తేడా లేదు. ఆ తర్వాత మేం చేసిన పరీక్షలు ఇవి. మీ గోడౌన్‌లో ఉన్న ఏ కిట్ మీదైనా మీరూ చేసి చూసుకోవచ్చు.

ముందు ట్రైలర్ ప్లగ్ పీకేసి, బండి వైపు సాకెట్ ఒక్కదాన్నే చూశాం. దీనికి మల్టీమీటర్‌ని నమ్ముకోలేదు. వైరులో ఒక్క పోగు అంటుకుని ఉన్నా మీటరు హాయిగా 12 వోల్టులు చూపిస్తుంది. 21 వాట్ల బల్బు పెట్టి 1.75 ఆంపియర్లు లాగితేనే వైరు సత్తా బయటపడుతుంది. బల్బు ఒక కాలు 3వ పిన్నుకు, అంటే తెల్ల ఎర్త్ వైరుకు పెట్టి, రెండో కాలు మిగతా పిన్నులకు వరసగా తగిలిస్తే ప్రతి చోటా మసగ్గానే వెలిగింది. అదే ఎర్త్ కాలు తీసి బ్యాటరీ నెగటివ్‌కు పెడితే ధగధగమంది. అంటే కరెంటు సరిగ్గానే వస్తోంది, తిరిగి వెళ్ళే దారే ఇరుకు.

తర్వాత ట్రైలర్ తగిలించి టెయిల్, బ్రేక్, హజార్డ్ (రెండు వైపుల ఇండికేటర్లూ ఒకేసారి) అన్నీ వేసి, ట్రైలర్ బల్బు హోల్డర్ ఎర్త్‌కూ బ్యాటరీ నెగటివ్‌కూ మధ్య మీటరు పెట్టాం. హజార్డ్ వెలిగిన క్షణంలో 2.6 వోల్టులు. అర వోల్టు దాటితే చాలు, మా దగ్గర బండి బయటికి పంపం.

ఆ 2.6లో సుమారు వోల్టు సాకెట్ ఎర్త్ రింగు (ఎర్త్ వైరు చివర ఛాసిస్‌కు బిగించే ఉంగరం) దగ్గర పోతోంది. పెయింటు గీకమని మీ కాగితంలో ఎక్కడా లేదు, ఛాసిస్ మీద నేరుగా సెల్ఫ్ స్క్రూ బిగించమని ఉంది. రింగు పెయింటు మీద కూర్చుంటుంది, స్క్రూ మర ఒక్కటే ఇనుముకు తగులుతుంది. లోహం తేలేదాకా గీకి, నట్టు బోల్టూ పళ్ళ వాషరూ వేసి, పైన గ్రీజు పట్టిస్తే రీడింగ్ 1.5కు దిగింది.

మిగిలిన 1.5 మీ వైరుదే. ప్లగ్ నుంచి వెనక లైట్ల దాకా ఆరు మీటర్ల కేబుల్ ఇచ్చారు. అందులో ఎర్త్ కూడా మిగతా వాటిలాగే 0.5 స్క్వేర్ ఎం.ఎం. (వైరులో రాగి మందం కొలత). లెక్క చూడండి: టెయిల్ రెండు, నంబర్ ప్లేటు ఒకటి కలిపి 15 వాట్లు, బ్రేకులు 42, హజార్డ్ 42. మొత్తం 99 వాట్లు, ఎనిమిది ఆంపియర్లకు పైనే. ముందుకి వెళ్ళేటప్పుడు ఇది ఐదు వైర్లలో పంచుకుని వెళ్తుంది, తిరిగొచ్చేటప్పుడు మొత్తం ఆ ఒక్క తెల్ల వైరులోనే రావాలి. అందుకే ఎర్త్‌ను 2.5 స్క్వేర్‌లో వేస్తారు. మేం ఆ ఒక్క వైరు మార్చాం, రీడింగ్ 0.4కు పడిపోయింది, మినుకులు ఆగిపోయాయి. బల్బులు మాత్రం పాతవే.

ఒక బండిలో రింగు పూర్తిగా వదులై, హెడ్‌లైట్ వేయకుండా బ్రేక్ తొక్కినా బండి సొంత టెయిల్ లైట్లు సన్నగా వెలిగాయి. "బండి వైరింగ్‌లో షార్ట్ ఉంది" అన్నారు మీవాళ్ళు. షార్ట్ అయితే ఫ్యూజు పోవాలి కదా! బ్రేకు బల్బు దాటిన కరెంటుకు ఎర్త్ దొరక్క, ట్రైలర్ టెయిల్ ఫిలమెంటు గుండా వెనక్కి మళ్ళి బండి టెయిల్ లైట్లలోంచి ఎర్త్ వెతుక్కుంది, అంతే.

ఇక బిగింపు కాగితం. సాకెట్ బొమ్మ ముందు వైపు నుంచి చూసినట్టు గీసి, కింద "వైర్లు బిగించే వైపు" అని అచ్చేశారు. వెనక నుంచి చూస్తే నంబర్ల వరస తిరగబడుతుంది, నడిమి 7 ఒక్కటే చోటు మారదు. బొమ్మను నమ్మినవాడు ఒక సిగ్నల్ వేస్తే ఇంకో దీపం వెలుగుతుంది. స్క్రూల పక్కన ప్లాస్టిక్ మీద ఉన్న నంబర్లు చూసి బిగించాం కాబట్టి బతికిపోయాం. 1 పసుపు ఎడమ ఇండికేటర్, 4 ఆకుపచ్చ కుడి ఇండికేటర్, 5 గోధుమ కుడి టెయిల్, 6 ఎరుపు బ్రేక్, 7 నలుపు ఎడమ టెయిల్. ఇంత రాస్తే చాలు, బొమ్మే అక్కర్లేదు.

మీ కిట్‌లోని, వైరు కోయకుండా నొక్కి జాయింటు చేసే నీలం క్లిప్పుల సంగతి కూడా చెప్పాలి. నీలం క్లిప్పు 1.5 నుంచి 2.5 స్క్వేర్ వైర్లది. బండి కంపెనీ వేసిన సన్న టెయిల్ వైరు మీద దాన్ని నొక్కితే బ్లేడు రాగిని పట్టీపట్టనట్టు ఉంటుంది. ఈ ఊరి ఉప్పుగాలికి, ఐప్పసి నెల (అక్టోబరు-నవంబరు) వానలకు ఆ సందులో పచ్చటి చిలుము పట్టడానికి ఎన్నాళ్ళో పట్టదు. ఒక క్లిప్పు విప్పితే లోపల రాగి పోగులు మూడు తెగి, మిగతావి పచ్చగా పొడి రాలుతున్నాయి. వాటన్నిటినీ తీసేసి, క్రింపు చేసి (గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి), వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు వేశాం.

కాబట్టి మేం అడిగేవి: మూడు కిట్లకూ ఎర్త్ 2.5, మిగతావి 1.5 స్క్వేర్ ఉన్న కొత్త కేబుళ్ళు, వీలైతే తగరం పూత ఉన్న రాగివి. మార్చడానికి అయిన వైరు, స్లీవులు, కూలీ ఖర్చు (బిల్లులు జతచేశాం). సరిచేసిన బిగింపు కాగితం. ఇప్పటికే ఈ కిట్ కొన్న మిగతావాళ్ళకు ఎర్త్ గురించి ఫోన్ చేసి చెప్పండి, రాత్రిపూట రోడ్డెక్కే బండ్లు ఇవి. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు కావాలి. మళ్ళీ బల్బుల మాట ఫోన్‌లో వద్దు.

తీసేసిన మూడు కేబుళ్ళూ, చిలుము పట్టిన క్లిప్పూ చీటీలు అంటించి ఉంచాం. మీ మనిషిని పంపితే అప్పగిస్తాం, వచ్చేటప్పుడు ఆయన్ని ఒక 21 వాట్ల బల్బు తెచ్చుకోమనండి.

ఇట్లు,
ఎలక్ట్రికల్ విభాగం,
ట్రైలర్ వర్క్‌షాపు, వడపళని